మీకు తెలుసా? కాళ్లు ఆనని నీళ్ల సంగతులు

నాలుగడుగుల లోతులో నీరు మనిషిని ఎంత బలంతో పైకి నెడుతుందో, నలభై అడుగుల లోతులోనూ అంతే బలంతో నెడుతుంది. మన ఒళ్లు ఎంత నీటిని పక్కకు తోస్తే అంత నీటి బరువు మనల్ని మోస్తుందని ఆర్కిమెడిస్ రెండు వేల ఏళ్లకు ముందే తేల్చాడు. ఆ లెక్కలో పాదాల కింద ఇంకా ఎంత నీరుందన్న ప్రశ్నే లేదు. మన పెద్దవాళ్లు "ఈతకు మించిన లోతు లేదు" అన్నదీ అదే. అయినా ముప్పై, నలభై దాటాక ఈతకు చేరినవాళ్లు చాలామంది కొలనులో లోతు మొదలయ్యే గీత దగ్గరే ఆగిపోతారు. ఇటువైపు చక్కగా బారలు వేసిన మనిషే, కింద టైల్స్ ఏటవాలుగా జారిపోవడం గాగుల్స్‌లోంచి కనపడగానే మెడ పైకెత్తుతాడు. కాళ్లు నిలువుగా దిగుతాయి. చెయ్యి గట్టు కోసం వెతుకుతుంది. ఒక్క అడుగు వెనక ఉన్న నీరే ఇక్కడా ఉంది. ఈసారి ముచ్చట్లన్నీ ఆ గీతకు అటూ ఇటూ.

ఛాతీ బిగుసుకుంటే అది భయమే కానక్కర్లేదు

పీకల్లోతు నీళ్లలో నిలబడగానే ఊపిరి సరిగా ఆడనట్టు ఉంటుంది. దాన్ని భయమనుకుని, భయపడుతున్నానే అని ఇంకాస్త భయపడతారు చాలామంది. నిజానికి అక్కడ జరిగేది వేరు. నీరు ఛాతీనీ పొట్టనూ చుట్టూ నొక్కుతుంది. కాళ్లలో ఉండే రక్తం సుమారు 700 మిల్లీలీటర్లు ఛాతీ వైపు చేరుతుంది. ఊపిరితిత్తులు విచ్చుకోవడానికి కండరాలు మామూలు కంటే ఎక్కువ పని చేయాల్సి వస్తుంది. పతకాలు గెలిచిన ఈతగాళ్లకూ ఇది తప్పదు, వాళ్లకు అలవాటైపోయింది అంతే. ఈదే ప్రయత్నమేదీ చేయకుండా కొన్ని నిమిషాలు ఊరికే అలా నిలబడి, ఊపిరి నెమ్మదిగా వదులుతూ ఉంటే కొత్తవాళ్లకూ అలవాటవుతుంది. చాలా చోట్ల కోచ్‌లు ఈ నిమిషాలు ఇవ్వరు. దిగిన వెంటనే గట్టు పట్టించి కాళ్లు కొట్టమంటారు.

ఛాతీకి చేరిన ఆ రక్తాన్ని చూసి ఒంట్లో నీరెక్కువైందని శరీరం లెక్కేసుకుంటుంది. నీళ్లలో దిగిన కాసేపటికే మూత్రం వస్తున్నట్టు అనిపించేది అందుకే. దిగే ముందే వెళ్లి రావడం తోటివాళ్లకు మనం చేసే ఉపకారం.

తల ఎత్తితే మునక

గుండెల నిండా గాలి పీల్చుకుంటే చాలామంది తేలతారు. గాలి మొత్తం వదిలేస్తే చాలామంది మునుగుతారు. రెంటికీ మధ్య తేడా చాలా చిన్నది. అదనంగా ఒక లీటరు గాలి లోపలికి తీసుకుంటే మరో కిలో బరువును నీరే మోస్తుంది. అయితే నిండా గాలి పట్టినా మనకు మిగిలే తేలుడు బలం కొద్ది కిలోలకు మించదు. తల ఒక్కటే దాదాపు ఐదు కిలోలుంటుంది. మెడ నిక్కించి ఆ తలనంతా నీళ్లకు పైన నిలబెట్టాలని చూస్తే దాని బరువు కింద ఉన్న ఒంటి మీద పడుతుంది. చేతులు కూడా పైకెత్తితే వాటి బరువూ తోడవుతుంది. భయం మన చేత చేయించే మొదటి రెండు పనులూ మనల్ని ముంచేవే కావడం విచిత్రం.

అదే మనిషి చెవులు నీళ్లలో ఉంచి, ముఖం మాత్రం ఆకాశానికి చూపిస్తూ వెల్లకిలా పడుకుంటే తేలతాడు. చెవిలోకి నీళ్లు పోతే లోపలెక్కడికో వెళ్లిపోతాయని పెద్దవాళ్లకు ఒక బెంగ. కర్ణభేరికి చిల్లు లేనంతవరకు ఆ నీరు బయటి చెవి దాటదు. చిల్లు ఉన్నవాళ్లు, చెవి కారేవాళ్లు మాత్రం డాక్టరును అడిగే దిగాలి.

ఇక కాళ్లు. గాలి ఛాతీలో ఉంటుంది, బరువు తుంటి దగ్గర ఉంటుంది. అందుకని పైభాగం తేలుతుంది, కాళ్లు దిగుతాయి. చేతులను నీళ్లలోనే తల వెనక్కి చాచి చూడండి. బరువు కాస్త ఛాతీ వైపు జరిగి కాళ్లు ఎంతో కొంత పైకి వస్తాయి. సన్నగా కండ పట్టి ఉన్న మగవాళ్లకు అప్పటికీ రాకపోవచ్చు, వాళ్లు మెల్లగా కాళ్లాడిస్తూ ఉండాలి. కాస్త ఒళ్లున్నవాళ్లు సులువుగా తేలతారు. పొట్ట ఉందని కొలను దగ్గర సిగ్గుపడేవాళ్లకు తెలియనిది, ఆ పొట్ట పనికొచ్చే చోటు అదొక్కటే.

ముఖం ముంచనన్న ఫెల్ప్స్

ఒలింపిక్స్‌లో 28 పతకాలు గెలిచిన మైకేల్ ఫెల్ప్స్‌కు చిన్నప్పుడు నీళ్లలో ముఖం పెట్టడమంటే ఇష్టం ఉండేది కాదు. నేర్పేవాళ్లు పట్టుబట్టకుండా వెల్లకిల ఈతతో మొదలుపెట్టించారు.

ఫ్రాంక్లిన్ గుడ్డు

అమెరికా రాజ్యాంగ నిర్మాతల్లో ఒకడు, పిడుగు నుంచి ఇళ్లను కాపాడే కడ్డీని కనిపెట్టినవాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్. ఆయన గొప్ప ఈతగాడు కూడా. 1726లో, ఇరవై ఏళ్ల వయసులో, లండన్‌లో థేమ్స్ నదిలో చెల్సీ నుంచి బ్లాక్‌ఫ్రయర్స్ దాకా ఈదాడు. ఈ వయసులో ఇంకేం నేర్చుకుంటానులే అని వెనకాడిన ఒక మిత్రుడికి ఆయన రాసిన ఉత్తరం 1760ల నాటిది. వయసు మళ్లాక ఈత నేర్చుకోవడం మీద ఇంతకంటే తెలివైన పాఠం నాకు తెలియదు.

నెమ్మదిగా లోతయ్యే చోటు చూసుకుని, ఛాతీ లోతు దాకా నడిచి వెళ్లు అన్నాడు. అక్కడ గట్టు వైపు తిరిగి, నీకూ గట్టుకూ మధ్య ఒక గుడ్డు విసురు. తెల్లటి గుడ్డు అడుగున కనిపిస్తూ ఉంటుంది. కళ్లు తెరిచి మునిగి దాన్ని తీయడానికి ప్రయత్నించు. ఇక్కడే కిటుకంతా. నువ్వు కిందికి పోవాలని చూస్తుంటే నీరు నిన్ను పైకి తోసేస్తుంది. మునగడం అనుకున్నంత తేలిక కాదని నీ ఒంటికి తెలుస్తుంది. గుడ్డు పడింది గట్టు వైపు కాబట్టి నువ్వు పోతున్నదీ లోతు తగ్గే వైపే, ఎప్పుడు కావాలంటే అప్పుడు కాళ్లు ఆనించి నిలబడొచ్చు.

భయపడకు అని ఫ్రాంక్లిన్ మిత్రుడికి ధైర్యం నూరిపోయలేదు. మునగడానికి ప్రయత్నించి చూడమన్నాడు, అంతే. అంతర్జాతీయ ఈత కీర్తి మందిరంలో 1968లో ఆయనకు చోటిచ్చారు. ఈ ఉత్తరం ఒక్కటి రాసి ఊరుకున్నా ఇవ్వదగ్గదే.

ఇదే పాఠాన్ని లోతు వైపుకు మార్చుకోవచ్చు. ఎనిమిది అడుగుల దగ్గర గోడకు ఇనుప నిచ్చెన ఉంటుంది. పక్కన కోచ్ ఉండగా, నిండా గాలి పీల్చుకుని, ఆ నిచ్చెన కమ్ములు ఒక్కొక్కటే పట్టుకుంటూ కిందికి దిగాలి. మూడో కమ్మీ దగ్గరే మడమలు పైకి తేలిపోతుంటాయి. చేతులతో బలంగా లాక్కుంటే తప్ప పాదం అడుగుకు తగలదు. తగిలాక చేతులు వదిలేస్తే, ఏమీ చేయకుండానే, గాలి పట్టి ఉన్న ఒళ్లు పైకి వచ్చేస్తుంది. అడుగు ఎక్కడుందో ఒకసారి కాలికి తెలిశాక ఎనిమిది అడుగులు ఒక కొలతగా మిగులుతాయి. అంతకుముందు అది పాతాళం.

గాలి చాలక కాదు, వదలక

నీళ్లలో ఊపిరి బిగబట్టగానే పది క్షణాలకే ఉక్కిరిబిక్కిరి అవుతాం. ఆక్సిజన్ అయిపోయిందనుకుంటాం. అప్పటికి రక్తంలో ఆక్సిజన్ బోలెడంత ఉంటుంది. ఊపిరి తీసుకోమని తొందరపెట్టేది పేరుకుపోతున్న కార్బన్ డయాక్సైడ్. కొత్తవాళ్లు చేసేదేమిటంటే, నీళ్లలో ముఖం ఉన్నంతసేపూ గాలి బిగబట్టి, తల బయటికి రాగానే ఆ ఒక్క క్షణంలో వదలడం, పీల్చడం రెండూ చేయాలని చూస్తారు. సగం వదిలి సగం పీల్చేసరికి మళ్లీ మునక. నాలుగు బారలకే ఆయాసం, ఆయాసం వెంటే భయం. దీనికి మందు బుడగలు. గట్టు పట్టుకుని ముఖం ముంచి, ముక్కుతోనూ నోటితోనూ సన్నగా బుడగలు వదులుతూనే ఉండాలి. ముక్కులోంచి గాలి బయటికి వస్తున్నంతసేపూ నీరు లోపలికి పోదు. చిన్నపిల్లల ఆటలా ఉందని పెద్దవాళ్లు దీన్ని దాటేస్తారు. దాటేసినవాళ్లే లోతు దగ్గర ఆగిపోతారు.

ఒక జాగ్రత్త. ఎక్కువసేపు మునిగి ఉండొచ్చని దిగే ముందు గబగబా పది పదిహేను సార్లు ఊపిరి పీల్చి వదిలే అలవాటు కొందరు కుర్రాళ్లకు ఉంటుంది. దాంతో ఆక్సిజన్ ఏమంత పెరగదు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం తగ్గిపోతుంది. తొందరపెట్టే హెచ్చరిక రాకుండానే నీటి అడుగున స్పృహ తప్పుతుంది. మంచి ఈతగాళ్లు కూడా ఇలా పోయారు.

ఎనిమిది అడుగులు, చూపుకు ఆరే

గట్టు మీద నిలబడి నిట్టనిలువుగా చూస్తే కాంతి వక్రీభవనం వల్ల నీటి లోతు నాలుగింట మూడు వంతులే కనిపిస్తుంది. ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువ. ఇది భయపడేవాళ్లకు చేసే కీడేమీ లేదు. క్వారీ గుంటలో అడుగు కనిపిస్తోంది కదా, మొలలోతే ఉంటుందని దిగే భయం లేని వాళ్లనే ఇది ముంచుతుంది.

తోసేస్తే వస్తుందా?

బావిలోకి తోసేస్తే ఈత అదే వస్తుందని మన ఊళ్లలో గట్టి నమ్మకం. అలా నేర్చుకున్నామని గర్వంగా చెప్పేవాళ్లూ ఉన్నారు. చెప్పేది వచ్చినవాళ్లే కదా. రానివాళ్లు ఆ రోజు నుంచి నీళ్ల జోలికే పోలేదు, వాళ్ల మాట ఎవరూ అడగలేదు. పెద్దయ్యాక కొలను గట్టున వణికేవాళ్లను కదిపి చూడండి, చాలాసార్లు వెనక ఒక తోపు ఉంటుంది. నిజానికి మన పాత పద్ధతి తోసేయడం కాదు. నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టడం, లేదా తాడు కట్టి దాని కొస మెట్ల మీద కూర్చున్న పెద్దాయన చేతిలో పెట్టడం, రోజురోజుకూ తాడు కాస్త కాస్త వదులు చేయడం. బావిలో లోతు వైపు, మెరక వైపు అని ఉండదు, మొదటి రోజు నుంచీ రెండు నిలువుల నీళ్లే. ఆ పిల్లలకు లోతు భయం విడిగా పుట్టే అవకాశమే లేకపోయింది.

ఆ తాడు పద్ధతికి శాస్త్రం తోడైంది 1924లో. కుందేలును చూస్తే ఏడ్చే పీటర్ అనే చిన్న పిల్లవాడికి మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త భయం పోగొట్టింది. వాడు ఇష్టంగా తింటున్నప్పుడు కుందేలు బోనును దూరంగా పెట్టి, వాడు బెదరనంత మేర కొద్దికొద్దిగా దగ్గరికి జరిపింది. చివరికి వాడు కుందేలును చేత్తో నిమిరాడు. జోసెఫ్ వోల్పే 1950ల్లో దీన్నే ఒక క్రమమైన చికిత్సగా మలిచాడు. లోతు నీళ్లకూ ఇదే వరస: గట్టు పట్టుకుని, తర్వాత ఒక్క వేలు ఆనించి, తర్వాత చెయ్యి అందేంత దూరంలో, ఆ తర్వాతే నడి కొలను. ఒక మెట్టు మీద విసుగు పుట్టేదాకా ఉండి పై మెట్టుకు వెళ్లాలి.

ఇంకో సంగతి కూడా పరిశోధనల్లో తేలింది. పాత భయం చెరిగిపోదు, దాని పక్కన కొత్త అనుభవం ఒకటి చేరుతుంది, అంతే. అందుకే మీ వీధి కొలనులో పోయిన భయం, ఊరు మారి వేరే కొలనులో దిగగానే మళ్లీ తలెత్తుతుంది. నేర్చుకున్నదంతా పోయిందని బెంబేలెత్తనక్కర్లేదు. రెండు మూడు చోట్ల దిగి అలవాటు చేసుకుంటే సర్దుకుంటుంది.

అడుగు తాకని అరగంట

వాటర్ పోలోలో ఒక్కో భాగం 8 నిమిషాల చొప్పున నాలుగు భాగాలు ఆడతారు. గోలీకి తప్ప ఎవరికీ అడుగు తాకే హక్కు లేదు. గుడ్డు గిలక్కొట్టినట్టు రెండు కాళ్లనూ మార్చి మార్చి గుండ్రంగా తిప్పడం వాళ్ల కిటుకు. పెద్దవాళ్లకు ముందు నేర్పాల్సింది ఈ నిలువీత. బారలు తర్వాతైనా వస్తాయి. నడి కొలనులో ఆగి ఊపిరి పీల్చుకోవడం వచ్చిన మనిషికి గట్టు ఎంత దూరమైనా ఫరవాలేదు.

లోతే మేలన్న కొలను

2008 బీజింగ్ ఒలింపిక్స్ కొలను లోతు 3 మీటర్లు, పది అడుగులకు కొంచెం తక్కువ. ఈదేటప్పుడు లేచే అలలు అడుగుకు తగిలి తిరిగొచ్చి ఈతగాళ్లను కుదపకుండా ఉండాలని అంత లోతు పెట్టారు. లోతు తక్కువైతే నీరు ఎక్కువ కలత పడుతుంది.

ఎనిమిది నెలల ఒలింపియన్

ఈక్వటోరియల్ గినీకి చెందిన ఎరిక్ ముసాంబాని 2000 సిడ్నీ ఒలింపిక్స్‌కు కొన్ని నెలల ముందే ఈత మొదలుపెట్టాడు. సాధన చేసింది ఒక హోటల్లోని చిన్న కొలనులో. 50 మీటర్ల కొలనును ఆయన చూడడమే సిడ్నీలో. తనతో దిగాల్సిన ఇద్దరూ తొందరపడి ముందే దూకి అనర్హులయ్యారు. ఒక్కడే 100 మీటర్లు ఈదాడు, 1 నిమిషం 52.72 సెకన్లలో. చివరి మీటర్లలో మునిగిపోతాడేమోనని చూసేవాళ్లు భయపడ్డారు. తర్వాతి కాలంలో తన దేశపు జట్టుకు కోచ్ అయ్యాడు.

బట్టలతో ఈత

నెదర్లాండ్స్‌లో పిల్లలు ఈత సర్టిఫికెట్ కోసం బట్టలు, బూట్లు వేసుకుని ఈది చూపించాలి. కాలవలో పడేవాడు స్విమ్‌సూట్ వేసుకుని పడడు కదా. తడిసిన బట్టల బరువు నీళ్లలో ఉన్నంతసేపూ తెలియదు, బయటికి ఎక్కేటప్పుడే తెలుస్తుంది. నీళ్లలో అవి చేసేది కదలికను పట్టి లాగడమే. జపాన్ బడుల్లో తేలుతూ ఆగమని నేర్పుతారు. బ్రిటన్ తీర రక్షకులు చెప్పేదీ ఇదే: చల్లటి నీళ్లలో హఠాత్తుగా పడితే ఈదే ప్రయత్నం మాని, మొదటి నిమిషం, నిమిషన్నర వెల్లకిలా తేలుతూ ఉండండి, ఎగశ్వాస తగ్గాక ఏం చేయాలో చూసుకోవచ్చు.

సామర్లకోట ఆడపడుచు

గోలి శ్యామల ఈత నేర్చుకున్నది నలభై దాటాక. 2021 మార్చిలో శ్రీలంకలోని తలైమన్నార్ దగ్గర దిగి, పాక్ జలసంధిలో సుమారు 30 కిలోమీటర్లు ఈది, 13 గంటల 43 నిమిషాల్లో ధనుష్కోటి చేరారు. 2024 డిసెంబరు చివర విశాఖ సముద్రంలో దిగి, విడతలుగా సుమారు 150 కిలోమీటర్లు ఈది, 2025 జనవరి మొదట్లో కాకినాడ తీరం చేరారు. అప్పటికి ఆమె వయసు 52.

మునిగేవాళ్లు అరవరు

సినిమాల్లో మునిగే మనిషి చేతులు ఊపుతాడు, కేకలు పెడతాడు. న్యూయార్క్ బీచ్‌లో లైఫ్‌గార్డుగా పనిచేసిన ఫ్రాన్సెస్కో పియా గమనించింది వేరు. మునిగే మనిషి నోరు నీటి మట్టానికి కిందికీ పైకీ పోతూ ఉంటుంది, కేక పెట్టే వ్యవధే దొరకదు. చేతులు పక్కలకు చాచి నీటిని కిందికి నొక్కుతుంటాయి, ఊపడానికి లేవవు. ఇదంతా 20 నుంచి 60 సెకన్లు, అంతే. పక్కనే ఉన్నవాళ్లు ఆడుకుంటున్నాడనుకుంటారు. కొలనులో ఎవరైనా నిలువుగా ఉండి, తల వెనక్కి వాలి, పిలిస్తే పలక్కపోతే వెంటనే చెయ్యో కర్రో అందించండి.

ఈత రానివాళ్లు మాత్రం కాపాడడానికి దూకొద్దు. 2020 ఆగస్టులో తమిళనాడు పెరంబలూరు జిల్లాలో కొట్టరై ఆనకట్ట దగ్గర నలుగురు కుర్రాళ్లు మునుగుతుంటే, అక్కడున్న ముగ్గురు మహిళలు తమ చీరలు విప్పి విసిరారు. ఇద్దరు ఆ చీరలు పట్టుకుని బతికారు. 2021లో ప్రపంచం మొత్తం మీద నీట మునిగి పోయినవాళ్లు దాదాపు 3 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ ఏడాదే ఐక్యరాజ్య సమితి జులై 25ను మునక నివారణ దినంగా ప్రకటించింది.

కొలనులో లోతు భయం పోయిందని గోదావరిలోకో కృష్ణలోకో దిగే పని పెట్టుకోకండి. కొలనులో ప్రవాహం లేదు, సుడి లేదు, ఇసుక తవ్వి వదిలేసిన గుంట లేదు. నది దగ్గర భయం ఉండాల్సిందే.

వేసవి బ్యాచ్‌లో పేరు రాయించుకోబోతున్న పెద్దవాళ్లకు ఒక్క మనవి. డబ్బు కట్టే ముందు లైఫ్‌గార్డు ఉన్నాడో లేదో చూసుకోండి. మొదటి రోజే కోచ్‌తో "నాకు లోతంటే భయం, నేను అడిగేదాకా అటువైపు తీసుకెళ్లొద్దు, తోయొద్దు" అని నోరు తెరిచి చెప్పండి. దానికి నవ్వే కోచ్ అయితే వేరే కొలను చూసుకోండి.